హియర్ కమ్స్ ద పెయిన్: కాలు పట్టినవాడిదే ఆట

పాత రెజ్లింగ్ గేముల్లో ఈ రోజుకీ డబ్బు పెట్టి కొనదగ్గది ఒక్కటి చెప్పమంటే తడుముకోకుండా చెప్పే పేరు ‘డబ్ల్యూడబ్ల్యూఈ స్మాక్‌డౌన్! హియర్ కమ్స్ ద పెయిన్’. జపాన్ వాళ్ళ యూక్స్ తయారుచేసింది, టీహెచ్‌క్యూ అమ్మింది. 2003 అక్టోబరులో ప్లేస్టేషన్ 2 (పీఎస్2) మీద వచ్చింది. అట్ట మీద రెజ్లర్ బ్రాక్ లెస్నర్ ఉంటాడు. లెస్నర్ వస్తుంటే కామెంటేటర్ టాజ్ అరిచే మాటే గేముకి పేరైంది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో వచ్చిన గేముల్లో బొమ్మలు అచ్చం మనుషుల్లా తయారయ్యాయి, చెమట కూడా మెరుస్తోంది. కుస్తీ మాత్రం ఇందులో ఉన్నంత ఇంకెక్కడా లేదు.

ఆట గురించి ముందు చెబుతాను. అది ఆడాలంటే కావలసిన పాత మెషిన్ గురించి, మన గోదావరి జిల్లాల ఉప్పుగాలికీ చెమ్మకీ అది ఎక్కడెక్కడ చెడుతుందన్న దాని గురించి తర్వాత. భీమవరంలోనో, అమలాపురంలోనో, కాకినాడలోనో సెకండ్ హ్యాండ్‌లో కొనబోయేవాళ్ళకి ఆ రెండో భాగమే ఎక్కువ పనికొస్తుంది.

ఈ గేము గొప్పతనమంతా తెర మీద రెజ్లర్ పేరు పక్కన కనిపించే చిన్న మనిషి బొమ్మలో ఉంది. తల, మొండెం, చేతులు, కాళ్ళు దేనికది రంగు మారుతుంది. దెబ్బ తగిలేకొద్దీ పసుపు, నారింజ, చివరికి ఎరుపు. సంక్రాంతికి బరి దగ్గర నిలబడ్డ తెలిసినవాళ్ళు చూడండి, కోడి ఎంత ఎగిరిందన్నది వాళ్ళు పట్టించుకోరు, కాళ్ళు చూస్తారు. కాలు లాగుతోందంటే పందెం ఎటు పోతుందో వాళ్ళకి తెలిసిపోతుంది. ఈ గేము ఆడాల్సింది ఆ కంటితోనే.

కర్ట్ యాంగిల్‌ని తీసుకుని లెస్నర్ మీదకి వెళ్ళారనుకోండి. గుండ్రం బటన్‌తో పాటు ఒక దిక్కు నొక్కితే పట్టు దొరుకుతుంది. ఏ దిక్కు నొక్కారన్నదాన్ని బట్టి పట్టు రకం మారుతుంది. బలంతో ఎత్తి పడేసేవి ఒక వైపు, చకచకా పడగొట్టేవి ఒక వైపు, కీళ్ళు మెలిపెట్టేవి ఒక వైపు, ఆ రెజ్లర్‌కే సొంతమైనవి ఒక వైపు. పట్టు దొరికాక గుండ్రంతో పాటు మళ్ళీ ఇంకో దిక్కు నొక్కితే అసలు దెబ్బ పడుతుంది. కొత్తగా ఆడేవాళ్ళు ఇక్కడే తొందరపడతారు. మొదటి నొక్కుకీ రెండో నొక్కుకీ మధ్య అర క్షణం ఆగకపోతే రెండో దిక్కు గేము లెక్కలోకి రాదు, ఎదుటివాడు విడిపించుకుపోతాడు.

లెస్నర్ వెల్లకిలా పడ్డాక మీరు ఎక్కడ నిలబడ్డారన్నది ముఖ్యం. తల దగ్గర నిలబడి గుండ్రం నొక్కితే మెడ, చెయ్యి దొరుకుతాయి. కాళ్ళ వైపు వెళ్ళి నొక్కితే మోకాలు, చీలమండ. యాంగిల్‌తో ఆడుతున్నప్పుడు తల వైపు అసలు పోవద్దు. పడ్డ ప్రతిసారీ కాళ్ళ వైపే నడవండి. బొమ్మలో కాలు ఎర్రబడేదాకా పిన్ (భుజాలు నేలకి అదిమి గెలవడం) జోలికి పోవద్దు. ఎర్రబడ్డాక ఫినిషర్ (రెజ్లర్ సొంత ఆఖరి అస్త్రం) మీటర్ నిండగానే ఎల్1 నొక్కి, చీలమండ మెలిపెట్టే యాంకిల్ లాక్ బిగించండి. అప్పటిదాకా బటన్లు గబగబా నొక్కి తప్పించుకుంటున్నవాడు అప్పుడు ఎంత నొక్కినా తప్పించుకోలేడు. అదే పట్టు ఆట మొదట్లో పడితే చీమ కుట్టినట్టు విదిలించుకుని లేస్తాడు. ముందు చేసిన పని తర్వాత ఫలితం ఇవ్వడమనే ఈ ఒక్క సంగతి తర్వాతి గేములు చాలావాటిలో పలచబడిపోయింది.

తప్పించుకోవడానికి రెండు బటన్లున్నాయి. గుద్దులు, తన్నులు ఆపడానికి ఎల్2. పట్టు విడిపించడానికి ఆర్2. ఎదుటివాడు కొడతాడా, పట్టు పడతాడా అన్నది వాడి భుజం చూసి ముందే పసిగట్టాలి. తర్వాత్తర్వాత రెండింటికీ ఒకే బటన్ పెట్టి ఈ ఊహని తీసేశారు. కొత్తవాళ్ళకి సులువైన మాట నిజమే, కానీ ఎదుటి మనిషి మనసు చదివే ఆట కాస్తా రిఫ్లెక్సుల ఆట అయిపోయింది. ఇంట్లో ఇద్దరు కూర్చుని ఆడేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది. మీ తమ్ముడు మూడు సార్లు గుద్ది నాలుగోసారి పట్టు పడతాడని మీకు తెలుసు, మీకు తెలుసని వాడికీ తెలుసు.

ఫినిషర్ మీటర్ కొట్టినప్పుడే కాదు, జనాన్ని రెచ్చగొట్టి పోజు పెట్టినప్పుడూ పెరుగుతుంది. నిండితే ఒక ఫినిషర్ జమ. చాలామంది జమ అయిన వెంటనే ఎల్1 నొక్కి, ఏమీ జరగలేదని ప్యాడ్‌ని తిట్టుకుంటారు. ఒక్కో ఫినిషర్‌కి ఒక్కో స్థితి కావాలి. స్టీవ్ ఆస్టిన్ ఫినిషర్ స్టన్నర్‌కి ఎదుటివాడు నిలబడి తూలుతుండాలి, మీరు ముందు ఉండాలి. రే మిస్టీరియో 619కి వాడు తాళ్ళ మీద వాలి ఉండాలి. కొన్నిటికి కింద పడి ఉండాలి, కొన్నిటికి మూలలో. ముందు ఆ స్థితికి తెచ్చి, తర్వాత నొక్కండి. మూలకి విసిరి, తూలుతూ ముందుకొచ్చేదాకా ఆగడం అన్నిటికన్నా నమ్మకమైన దారి.

ఇంత చెప్పడానికి కారణం, ఇదంతా మంచి రెజ్లింగ్ షోలో జరిగేదే కాబట్టి. గెలిచేది ఎవరో ముందే రాసి ఉంటుంది కదా, ఇంకేం చూస్తారని అడిగేవాళ్ళు మన ఊళ్ళలో ఎప్పుడూ ఉంటారు. రాసి ఉంటుంది, అవును. పద్యనాటకంలో రాయబారం చెడుతుందని తెలియనివాడు ఉన్నాడా? అయినా తెల్లవార్లూ కూర్చునేది ఆ పద్యం కోసం, దాన్ని ఎంతసేపు ఊరించి ఎత్తుకుంటాడన్నదాని కోసం. ఇక్కడా అంతే. ఫలితం రాసిందే, పడటం మాత్రం నిజం. చెక్కల మీద పలచటి మెత్త, దాని మీద కాన్వాసు. వీపు మొత్తం ఒకేసారి ఆనేట్టు పడటం, గడ్డం గుండెకి ఆనించి తలని కాపాడుకోవడం, ఇవన్నీ నేర్చుకున్నా మోకాళ్ళు అరిగిపోతాయి, మెడలకి ఆపరేషన్లు అవుతాయి.

పద్యాన్ని ఎలా ఎత్తుకోవాలో చూడాలంటే 1997 మార్చి 23న రెజిల్‌మేనియా 13లో బ్రెట్ హార్ట్, స్టీవ్ ఆస్టిన్ మ్యాచ్ చూడండి. బ్రెట్ సగం మ్యాచ్ ఆస్టిన్ మోకాలి మీదే పెట్టాడు, రింగు స్తంభానికి చుట్టి మరీ విరిచాడు. ఆఖర్న షార్ప్‌షూటర్ అనే కాళ్ళ మెలి పట్టు వేసినప్పుడు మొహమంతా రక్తంతో ఆస్టిన్ ఓటమి ఒప్పుకోలేదు, స్పృహ తప్పాడు. ఓడినవాడు ఆ రాత్రి హీరో అయ్యాడు. ఇంకొకటి 2003 సెప్టెంబరు 18న స్మాక్‌డౌన్‌లో వచ్చిన లెస్నర్, యాంగిల్ అరవై నిమిషాల ఐరన్ మ్యాన్ మ్యాచ్, గడువులోపు ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవాడిదే గెలుపు. లెస్నర్ కావాలనే కుర్చీతో బాది ఒక పాయింటు వదిలేసుకున్నాడు, ఆ దెబ్బకి కూలబడ్డ యాంగిల్ మీద వరసగా పాయింట్లు లాగాడు, చివరికి 5-4తో బెల్టు పట్టుకుపోయాడు. ఈ గేము తయారైనది సరిగ్గా ఆ ఏడాదే. ఆ కాలపు రెజ్లింగ్ తెలివి దాని నరాల్లో ఉంది.

ఇప్పటి వారం వారం షో గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 2012 జూలైలో ‘రా’ షోని మూడు గంటలకి సాగదీసిన దగ్గర్నుంచి మొదటి నుంచి చివరిదాకా కదలకుండా చూడదగ్గ ఎపిసోడ్లు తగ్గిపోయాయి. గత వారం ఏం జరిగిందో చూపించేది, వచ్చే వారం ఏం జరుగుతుందో చెప్పేది, మధ్యలో ప్రకటనలు కలిపి కుస్తీని మింగేస్తున్నాయి. మన దగ్గర 2025 ఏప్రిల్ నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో వస్తోంది. అమెరికాలో రాత్రి ఎనిమిదికి మొదలైతే మనకి వేసవిలో మర్నాడు తెల్లవారి 5:30, చలికాలంలో 6:30. అందుకని రా మంగళవారం, స్మాక్‌డౌన్ శనివారం పొద్దున్న వస్తాయి. నిద్ర పాడుచేసుకుని ప్రతి వారం లేవక్కర్లేదు. మొదటి పావుగంట, చివరి అరగంట చూస్తే కథ తెలిసిపోతుంది. పొద్దున్నే లేవాల్సింది రాయల్ రంబుల్‌కీ, రెజిల్‌మేనియాకీ. రంబుల్‌లో కాసేపటికొకరు రింగులోకి దిగుతుంటే తర్వాత ఎవరు వస్తారో తెలియని ఆ పది సెకన్ల లెక్కింపు రికార్డింగులో చూస్తే సగం చచ్చిపోతుంది, పైగా పొద్దున్న ఫోను తెరిస్తే ఫలితం ముందే కళ్ళ పడుతుంది.

2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలిలో జరిగిన సూపర్‌స్టార్ స్పెక్టకిల్‌లో జాన్ సీనా, సెత్ రాలిన్స్ జట్టు కట్టారు. అదే సీనా స్మాక్‌డౌన్ గేముల వరసలో మొదటిసారి కనిపించింది ఈ హియర్ కమ్స్ ద పెయిన్‌లోనే. ఇంకా పాటలు పాడే కుర్రాడిగా, టోపీ తిప్పి పెట్టుకుని ఉంటాడు. బటిస్టా కూడా ఇందులోనే మొదలు.

మ్యాచ్ రకాల్లో ఎలిమినేషన్ చాంబర్‌ని తప్పకుండా ఆడాలి. అసలు షోలో మొదటి చాంబర్ 2002 నవంబరు 17న మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగింది, షాన్ మైకేల్స్ గెలిచాడు. ఏడాది తిరిగేసరికి గేములోకి వచ్చేసింది. గొలుసుల పంజరం, నాలుగు అద్దాల గదులు, ఆరుగురు. చిట్కా ఏంటంటే, మొదట బయట ఉన్న ఇద్దరిలో మీరు ఒకరైతే గది అద్దం వైపు ఎదుటివాణ్ణి విసరండి. అద్దం బద్దలైతే వాడు చాలాసేపు లేవడు.

సీజన్ మోడ్‌లో రా, స్మాక్‌డౌన్ రెండిట్లో ఒక బ్రాండ్ మీద కథ నడుస్తుంది. డ్రెస్సింగ్ రూముల్లో తిరిగి మనుషులతో మాట్లాడితే గొడవలు మొదలవుతాయి. మాటలన్నీ తెర మీద చదువుకోవాల్సిందే, గొంతులు లేవు. గెలిచిన డబ్బుతో దుకాణంలో పాతకాలపు రెజ్లర్లని కొనుక్కోవచ్చు: రాడీ పైపర్, ఐరన్ షేక్, సార్జెంట్ స్లాటర్, టెడ్ డిబియాసీ, లీజన్ ఆఫ్ డూమ్ జంట. మొదట పాతకాలపు అండర్‌టేకర్‌ని కొనండి. ఆ నల్ల టోపీ, చేతి తొడుగులు చూస్తే టీవీలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ చూసి ట్రంప్ కార్డులు కొన్న తరానికి వేరే మాట అక్కర్లేదు.

లోపాలు కూడా చెప్పాలి. మ్యాచ్ జరుగుతుంటే కామెంటరీ లేదు. ముందు ఏడాది గేములో మైకేల్ కోల్, టాజ్ ఉన్నారు, ఇందులో తీసేశారు. జనం అరుపులు, పాట తప్ప ఏమీ వినపడదు. హల్క్ హోగన్ లేడు. జనం అట్టముక్కల్లా ఉంటారు. అన్నిటికన్నా సిగ్గుపడాల్సింది ఆడవాళ్ళ మ్యాచ్ ఒకటి. ఎదుటి అమ్మాయి బట్టలు లాగేసినవాళ్ళు గెలిచే మ్యాచ్ అది. ట్రిష్, లీటా లాంటి నిజమైన రెజ్లర్లని పెట్టుకుని అలాంటిది రాయడం ఆ కాలపు షోకి మచ్చ, గేములోకీ దాన్ని మోసుకొచ్చారు. 2019 ఏప్రిల్ 7న రెజిల్‌మేనియా 35లో ఆడవాళ్ళు ఆఖరి మ్యాచ్ ఆడి, బెకీ లించ్ రెండు బెల్టులు ఎత్తింది. ఈ ఒక్క విషయంలో ఇప్పటి షో అప్పటికన్నా ఎన్నో మెట్లు పైన ఉంది. పిల్లలకి గేము ఇచ్చేటప్పుడు ఆ మ్యాచ్ ఉందని గుర్తుంచుకోండి.

మిగతా పాత గేముల గురించి నాలుగు ముక్కలు. 2000 నవంబరులో నింటెండో 64 మీద వచ్చిన ‘డబ్ల్యూడబ్ల్యూఎఫ్ నో మెర్సీ’, అకీ వాళ్ళది, పట్టుల విషయంలో దీనికి సమ ఉజ్జీ. ఎ బటన్ తట్టి వదిలితే బలహీనమైన పట్టు, నొక్కి ఉంచితే గట్టి పట్టు, అంతే సూత్రం, కానీ లోతు చాలా ఉంది. ఆ మెషిన్ మన వైపు అరుదు, పైగా మొదటి విడత కాట్రిడ్జుల్లో సేవ్ చేసిందంతా దానంతటదే చెరిగిపోయే లోపం ఉంది. ఎక్కడైనా దొరికితే అరగంట ఆడి, ఆపి, మళ్ళీ వేసి, సేవ్ నిలిచిందో లేదో చూసుకునే కొనండి.

టీవీకి తగిలించే పాత కాట్రిడ్జి వీడియో గేముల్లో వెతకాల్సింది నింటెండో వాళ్ళ ‘ప్రో రెజ్లింగ్’. జపాన్‌లో 1986, అమెరికాలో 1987. స్టార్‌మ్యాన్, ఫైటర్ హయబుసా, పిరాన్హా చేపలా ఉండి కొరికే ది అమెజాన్, చివర్న గ్రేట్ ప్యూమా. తయారుచేసిన మసాతో మసుదా తర్వాత ఫైర్ ప్రో రెజ్లింగ్ మొదలెట్టినవాడు. మన సంతల్లో అమ్మే ‘9999 ఆటలు’ పసుపు కాట్రిడ్జుల్లో ఇది మామూలుగా కనపడదు. కారణం ఉంది. ఆ కాట్రిడ్జుల్లో ఎక్కువగా ఎక్కించేది 40 కేబీకి మించని తొలినాటి ఆటల్ని, వాటికి అదనపు చిప్పు అక్కర్లేదు. ప్రో రెజ్లింగ్ 128 కేబీ, ముక్కలు ముక్కలుగా మార్చి చదివే సర్క్యూట్ కావాలి. అందుకని రెజ్లింగ్ అన్న పేరు మెనూలో చూసి ఇదే అనుకోవద్దు, ముందు ఆడించి చూపించమనండి.

1991లో టెక్నోస్ వాళ్ళ ‘రెజిల్‌ఫెస్ట్’ నాణెం వేసే మెషిన్ల ఆట. బొమ్మలు ఇప్పటికీ ముచ్చటగా ఉంటాయి, రాయల్ రంబుల్ ఉంది, కానీ బలం తరిగేకొద్దీ నాణేలు వెయ్యమంటుంది. ఇంట్లో ఆడటానికి కట్టిన ఆట కాదు. గ్రేట్ ఖలీ కావాలని పిల్లలు పట్టుబడితే ‘స్మాక్‌డౌన్ వర్సెస్ రా 2008’ తీసుకోండి, అదీ పీఎస్2 మీద ఉంది. ఖలీ అంటే ఎంత అభిమానమున్నా అతని మ్యాచ్‌లు నెమ్మది, గేములోనూ అంతే. ఇక కొత్త 2కే గేముల్లో 2022 మార్చిలో వచ్చిన 2కే22 నుంచి బాగుపడ్డాయి, అంతకు ముందు 2019 నాటి 2కే20 మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

ఇప్పుడు మెషిన్.

పీఎస్2 లావుది, సన్నది అని రెండు రకాలు. సన్నవాటిలో అట్టడుగున మోడల్ నంబరు చదవండి. 70000 నుంచి 79000 దాకా ఉన్నవాటికి బయట అడాప్టర్ ఉంటుంది, 8.5 వోల్టులు. 90000 వరసలో పవర్ సప్లయి లోపలే, తీగ నేరుగా ప్లగ్గుకి. మన వైపు కొనాలంటే 90000 మంచిది. డూప్లికేట్ అడాప్టర్ల గొడవ ఉండదు. బయట అడాప్టర్ ఉన్నవాటికి ఒరిజినల్ పోయి చవకది పెట్టి ఉంటే, డిస్కు గట్టిగా తిరగడం మొదలుపెట్టగానే కరెంటు చాలక మెషిన్ దానంతటదే ఆగి మళ్ళీ మొదలవుతుంది. మెషిన్ పాడైందనుకుని చాలామంది చవగ్గా అమ్మేసేది ఈ లోపంతోనే. సరైన వోల్టు, సరైన ఆంపియర్ అడాప్టర్ పెట్టి చూస్తే బాగానే నడుస్తుంది.

మన ఊళ్ళలో ఇంకో ప్రమాదం అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చిన మెషిన్. అక్కడి లావు పీఎస్2 వెనక లేబుల్ మీద 120 వోల్టులని ఉంటుంది. ప్లగ్గు మార్చి మన 230లో పెడితే లోపల ఫ్యూజు పోతుంది, దానితో పాటు ఇంకేం పోతాయో చెప్పలేం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పైగా ఆ మెషిన్ మన దగ్గర దొరికే పాల్ (PAL) రకం డిస్కులు చదవదు, అమెరికా డిస్కులే కావాలి. ఆ మాట కూడా ఉంది: అమెరికా డిస్కు 60 హెర్ట్జ్, పాల్ 50 హెర్ట్జ్. 50లో నడిచే ఆట చాలాసార్లు ఆరో వంతు నెమ్మదిగా, తెర పైనా కిందా నల్ల పట్టీలతో ఉంటుంది. ఆర్2 లెక్క ఒకదాంట్లో అలవాటైతే రెండోదాంట్లో తప్పుతుంది.

డిస్కు అడుగు భాగం వెండి రంగులో ఉండాలి, ఇది డీవీడీ. కంప్యూటర్లో కాపీ రాసిన డిస్కుల అడుగు కాస్త ఊదారంగు కొడుతుంది, అవి చిప్పు పెట్టిన మెషిన్లలోనే ఆడతాయి. డబ్బు ఆదా అనుకోవద్దు. రాసిన డిస్కు కాంతిని తక్కువగా తిప్పి పంపుతుంది, లేజర్ ఎక్కువ కష్టపడాలి. ఏళ్ళ తరబడి రాసిన డిస్కులే తిప్పిన మెషిన్ ఒరిజినల్ డిస్కుని కూడా నాలుగోసారికి గానీ చదవదు. కొనేటప్పుడు పక్కన పెట్టి ఉన్న పాత డిస్కులు ఏవో చూస్తే మెషిన్ వయసు తెలిసిపోతుంది.

అంతర్వేది, నరసాపురం, ఉప్పాడ, యానాం లాంటి సముద్రానికి దగ్గరి ఊళ్ళలో మొదట చెడేది లేజర్ కాదు, పిన్నులు. మెమరీ కార్డు, ప్యాడ్ సాకెట్లలో ఇత్తడి పాత్రకి పట్టినట్టు పచ్చటి చిలుము పడుతుంది. మెమరీ కార్డు లేదంటుంది, లేకపోతే ప్యాడ్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో ఐపీఏ అని చిన్న సీసాలో ఉంచుతారు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతానిది. మెషిన్ ప్లగ్గు తీసి, చెవి పుల్ల దూది కొనకి రెండు చుక్కలు తడిపి కార్డు పిన్నుల మీద అటూ ఇటూ తుడవండి. సాకెట్ లోపలికి దూది పట్టదు, కార్డునే పదిసార్లు పెట్టి తీస్తే పిన్నులు రుద్దుకుంటాయి. మెడికల్ షాపు స్పిరిట్‌లో నీళ్ళు కలిసి ఉంటాయి, అదే దొరికితే తుడిచాక గంట ఆరనివ్వాలి. పెట్రోలు, గోళ్ళ రంగు తీసే ద్రవం మాత్రం వద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది.

లేజర్ కన్ను తుడవడం సన్న మెషిన్లలో తేలిక. పై మూత తెరిస్తే కనపడుతుంది. ఆవగింజ కన్నా కాస్త పెద్ద గాజు చుక్క. ఐపీఏ తడిపిన దూదితో నొక్కకుండా, గుండ్రంగా ఒకటి రెండు సార్లు తిప్పి, పొడి దూదితో ఒకసారి. అది సన్నటి తీగల మీద వేలాడుతుంది, వేలితో నొక్కితే కిందికి దిగి మళ్ళీ సరిగా లేవకపోవచ్చు. జూలై, ఆగస్టుల్లో వరదల కాలానికి గాలిలో చెమ్మ ఎక్కువైనప్పుడు కన్ను మీద పొర కట్టి, మొదటి పావుగంట డిస్కు చదవక, మెషిన్ వేడెక్కాక చదువుతుంటే తుడవాల్సిన సమయం వచ్చిందని అర్థం. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా గింజల పొట్లాలు రెండు మూడు వేసి మెషిన్‌ని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఆడేటప్పుడు పైన గుడ్డ కప్పి ఉంచొద్దు, వెనక ఫ్యాను గాలి అక్కడినుంచే బయటికి పోతుంది.

డిస్కు తుడిచేది మధ్య నుంచి అంచు వైపు, నిటారుగా. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ పొడుగునా పడుతుంది, అడ్డంగా పడ్డ గీతని మెషిన్ సర్దుకుంటుంది గానీ పొడుగునా పడ్డది సర్దుకోలేదు. టూత్‌పేస్టుతో రుద్దడం ఎవరో ఒకరు చెబుతారు. ఒక గీత పోయి వంద సన్న గీతలు పడతాయి.

భీమవరం, ఆకివీడు, ఉండి వైపు రొయ్యల చెరువుల ఏరేటర్లు తిరిగే రాత్రులు వోల్టేజీ కిందికి జారే లైన్లు ఉంటాయి. మ్యాచ్ మధ్యలో కరెంటు పోతే నష్టం ఒక మ్యాచ్. సేవ్ అవుతుండగా పోతే మెమరీ కార్డు మీద ఉన్న సీజన్ మొత్తం చెడిపోవచ్చు. కార్డు 8 ఎంబీది, ఒరిజినల్. రెండు కార్డులు పెట్టుకుని సీజన్‌లో ప్రతి పెద్ద షో తర్వాత రెండో దాంట్లోకి కాపీ చేసుకోండి. మెషిన్ మెనూలో బ్రౌజర్‌కి వెళితే కాపీ ఉంటుంది. కంప్యూటర్‌కి వాడే 600 వీఏ యూపీఎస్ సన్న మెషిన్‌కీ టీవీకీ కలిపి సేవ్ చేసి ఆపేంత సమయం ఇస్తుంది.

టీవీ మాట. పాత డబ్బా టీవీ ఉంటే దాన్ని మించింది లేదు, నొక్కిన క్షణమే తెర మీద జరుగుతుంది. కొత్త ఎల్ఈడీ టీవీలు పాత సిగ్నల్‌ని సర్దడానికి కాస్త సమయం తీసుకుంటాయి, ఆ కాస్తలోనే ఆర్2 మిస్సవుతుంది. పిక్చర్ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టండి. పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలు లేని టీవీ అయితే టీవీతో వచ్చిన పొట్టి తీగే వాడండి, బజారు తీగల్లో పిన్నుల వరస వేరుగా ఉండి బొమ్మ రాకపోవడం, గొంతు బొయ్యిమనడం మామూలు. పీఎస్2ని హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న ముక్క వాడితే ముందు పసుపు తీగతో మెషిన్ మెనూలోకి వెళ్ళి, కాంపోనెంట్ వీడియో అవుట్ దగ్గర ఆర్జీబీ తీసి రెండోది ఎంచుకోండి. లేకపోతే బొమ్మంతా పచ్చగానో ఊదాగానో వస్తుంది.

షాపులో డబ్బు ఇచ్చే ముందు ఇవి చేయించండి. హియర్ కమ్స్ ద పెయిన్ డిస్కే పెట్టి చాంబర్ మ్యాచ్ లోడ్ చేయించండి, లేజర్ నీరసం అక్కడ బయటపడుతుంది. ఇరవై నిమిషాలు ఆపకుండా నడపండి. రెండు ప్యాడ్ల సాకెట్లూ, రెండు కార్డు సాకెట్లూ ఒక్కోటి చూడండి. ప్యాడ్‌లో ఎల్2, ఆర్2 పదిసార్లు నొక్కండి, ఈ ఆటలో అవే ప్రాణం. నకిలీ ప్యాడ్లలో అవి లోతుగా పోయి మెత్తగా తగులుతాయి, ఒరిజినల్‌లో తేలిగ్గా నొక్కగానే అందుకుంటుంది. రబ్బరు అరిగిపోయి ఉంటే మార్చొచ్చు, చవకే.

సంక్రాంతికి అల్లుళ్ళు, మేనల్లుళ్ళు అందరూ చేరే ఇంటికి మల్టీట్యాప్ కూడా కావాలి, ఇద్దరికి మించి ఆడటానికి. లావు మెషిన్ మల్టీట్యాప్ సన్న మెషిన్‌కి పట్టదు, ఆకారమే వేరు. సన్నదానికి 70120 నంబరుది అడగండి. దొరక్కపోతే ఇద్దరిద్దరుగా మ్యాచ్‌లు పెట్టి, ఓడినవాడు ప్యాడ్ దించేసే లెక్కన ఆడండి. ఒక్కో మ్యాచ్ మెల్లగా, కాళ్ళు చూస్తూ.